సముద్రంలో దిగిన వరలు

బావి వరలు వెతకడానికి సముద్రంలోకి దిగి వచ్చానంటే మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. "బావిలో పడ్డ బిందెను వెతికినట్టా టీచర్?" అన్నారు లెక్కల మాస్టారు. ఆయనకు తగ్గ సమాధానం అప్పుడే ఇచ్చాను గానీ, మొత్తం చెప్పేలోపు గంట కొట్టేశారు. మన వైపు వాళ్ళకి సముద్రమంటే కార్తీకంలో సూర్యలంక వెళ్ళి నాలుగు మునకలు వేసి, తడిబట్టలతో పులిహోర తిని రావడమే. యాభై ఏళ్ళు వచ్చేదాకా నాకూ అంతే. అందుకే ఇది అటువైపు పోనివాళ్ళ కోసం తీరిగ్గా రాస్తున్నాను.

ముందు వర అంటే చెప్పాలి. బావి గోడలు కూలకుండా లోపల ఒకదాని మీద ఒకటి పేర్చే సిమెంటు చుట్టు అది, చేతి గాజు ఆకారంలో. నా నడుము ఎత్తు ఉంటుంది. మా అన్నయ్య సాంబశివరావు పర్చూరులో ఈ వరలు పోస్తాడు. ఆయనకు ముందు మా నాన్న, అంతకు ముందు తాతయ్య పోశారు. రెండేళ్ళ క్రితం చీరాల అవతల ఒక పల్లెపాలెం నుంచి జాలర్లు వచ్చి, పక్కలకు కంతలు పెట్టి కొన్ని వరలు పోసిమ్మన్నారు. వాటిని ఒడ్డుకు దగ్గరలో సముద్రంలో వేస్తే చేపలు వచ్చి కాపురం పెడతాయట. అన్నయ్య పోశాడు, పడవ మీద తనే వెళ్ళి వేయించి వచ్చాడు. మొదటి ఏడు నిజంగానే చేపలు వచ్చాయి. రెండో ఏడు వానలు, గాలులు అయ్యాక చూస్తే అక్కడ చేపలూ లేవు, వరలూ లేవు.

వరలు పగిలి పిండైపోయాయని జాలర్లు అన్నారు. అన్నయ్యకు ఆ మాట తగిలింది. "నా వర పగిలిందని తేలితే అచ్చులు పాతసామాన్లకి అమ్మేస్తాను, ఇంక పొయ్యను," అని వాళ్ళతో అనేసి, ఆ రాత్రే నాకు ఫోను చేశాడు. ఆయనకు ఈత రాదు. నేనేమో కిందటి వేసవిలో విశాఖపట్నం వెళ్ళి, సిలిండరు కట్టుకుని నీళ్ళ కిందికి వెళ్ళడం నేర్చుకున్నాను. తోటివాళ్ళు కాశీ వెళ్తుంటే నీకిదేం పిచ్చే అని అప్పుడు నన్ను తిట్టింది కూడా ఈయనే.

"నువ్వు చూసి చెబితే నమ్ముతాను చెల్లాయ్. పగిలితే పగిలిందనే చెప్పు," అన్నాడు.

పేట మీదుగా

ఫిబ్రవరి చివర నల్లపాడులో ఇంటికి తాళం వేసి, గుంటూరులో పర్చూరు బస్సెక్కాను. ఆ రోజుల్లో మా గాలికే కారం ఉంటుంది. యార్డుకు పోయే మిరప లారీ ఎదురైనప్పుడల్లా ముందు సీట్లో ఒకరు తుమ్ముతారు, అది వరసగా వెనక సీటు దాకా వస్తుంది. డ్రైవరు మాత్రం మూతికి తువ్వాలు చుట్టుకుని హాయిగా ఉన్నాడు.

చిలకలూరిపేటలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో రేగొడియాల డబ్బా. ఎక్కడికమ్మా అంటే సముద్రానికి అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరన్నా పోయారా తల్లీ?"

సముద్రానికి అస్థికలు కలపడానికి తప్ప మామూలు రోజున ఎవరు పోతారని ఆవిడ లెక్క. "లేదండీ, మా అన్నయ్య పోసిన వరలు సముద్రంలో కనపడటం లేదు. మునిగి చూద్దామని," అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సంచి తీసుకుని కొంచెం పక్కకు జరిగింది. అయినా మనసొప్పలేదు కాబోలు, దిగేముందు రెండు రేగొడియాలు నా చేతిలో పెట్టింది. పులుపూ కారమూ సమంగా కుదిరాయి. అలాంటివి ఇప్పుడు కొట్లో ఇరవై రూపాయలకు రెండిస్తున్నారు గానీ తింటే బెల్లపు పాకమే తగులుతుంది.

పర్చూరు కల్లంలో

అన్నయ్య వరల దొడ్డి, మా వదిన మిరప కల్లం పక్కపక్కనే ఉంటాయి. ఒకవైపు కంటికి ఆనినంత మేర ఎరుపు, ఇంకోవైపు బూడిదరంగు వరలు వరసగా. నేను వెళ్ళేసరికి వదిన, కూలీలు తొడిమలు తీస్తున్నారు. చేతులూరుకోక నేనూ కూర్చున్నాను. "వద్దు వదినా, అలవాటు తప్పిన చేతులు, మండుతాయి," అంది వదిన. నేను పర్చూరు పిల్లని కానా అని రోషం వచ్చి సాయంత్రం దాకా లేవలేదు. ఈ రోషం సంగతి తర్వాత చెబుతాను.

అన్నయ్య ఆ రోజంతా నాతో సరిగా మాట్లాడలేదు. తన పని చూపిస్తే తప్ప ఆయనకు మాటలు రావు. పొద్దువాలుతుండగా తాజాగా అచ్చు విప్పిన వర దగ్గరికి తీసుకెళ్ళి కింది అంచు తడిమించాడు. లోపలివైపు వాలుగా, చివరికి సన్నబడి ఉంది.

"ఈ వాలు తాతయ్య పెట్టింది. వర ఇసకలో దిగాలంటే ఇదే ముఖ్యం," అన్నాడు.

బావి దింపడం మీరు చూసి ఉండకపోతే చెబుతాను. ఇసక నేల మీద వరను నిలబెడతారు. మనిషి అందులో కూర్చుని తన కాళ్ళ దగ్గరి ఇసకే తోడి పైకి అందిస్తాడు. కింద ఇసక తగ్గినకొద్దీ వర తన బరువుకు తనే కిందికి జారుతుంది. అంచు వాలుగా ఉంటే ఒరగకుండా నిటారుగా పోతుంది. నేలమట్టానికి వచ్చాక దాని మీద ఇంకోటి. మొదటి వర పెట్టినప్పుడు పసుపు రాసి, చెయ్యి ఆనించి, "దిగు తల్లీ" అంటాడు అన్నయ్య. నాన్నా అనేవాడు. మా ఇంట్లో 'దిగింది' అంటే మెచ్చుకోలు. నేను పదో తరగతి పాసైనప్పుడు కూడా నాన్న, "మా అమ్మాయి చక్కగా దిగింది" అని ఊరంతా చెప్పాడు. ఊరికి అర్థం కాలేదు గానీ నాకయింది.

పై అంచున తడి సిమెంటులో బొటనవేలు నొక్కి చూడటం ఇంకో అలవాటు. ఆ గుంట అలాగే ఉండిపోతుంది. "సముద్రంలో వాటికీ నొక్కావా?" అంటే, "నొక్కకుండా ఏ వరా దొడ్డి దాటదు," అన్నాడు.

రాత్రి పండుమిరప పచ్చడి, వేడన్నం, గానుగ నూనె. అన్నయ్య సగం అన్నం వదిలేసి లేచాడు.

నల్లరేగడి అయిపోయిన చోట

మర్నాడు ఇద్దరం చీరాల వైపు బయల్దేరాం. పర్చూరు దాటాక కొంతసేపు పొగాకు, శనగ, అక్కడక్కడ ఏరగా మిగిలిన పత్తి. తర్వాత నల్లరేగడి తగ్గుతూ, ఇసక కలుస్తూ, చివరికి మొత్తం ఇసకే అయిపోతుంది. ఇసకలో తవ్విన చిన్న గుంతల్ని అక్కడ దొరువులంటారు. మోకాలి లోతు తవ్వితే నీళ్ళు. మేము చెరువు నీళ్ళ కోసం బిందెలు మోసి పెరిగినవాళ్ళం, అంత తేలిగ్గా నీళ్ళు దొరకడం చూస్తే నాకిప్పటికీ కుళ్ళే.

దారిలో బావి కనపడినప్పుడల్లా అన్నయ్య ఆటోలోంచి తల బయటికి పెట్టేవాడు. "అది నాన్న దింపింది." "ఇది నాది, చూడు, ఎంత నిటారుగా ఉందో." సరుగుడు తోటలు వచ్చాక బావులు అయిపోయాయి, ఆయనా మాట్లాడటం మానేశాడు.

పల్లెపాలెంలో ఇసక మీద చేపలు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు వాటిని కాలితో తిరగేస్తున్నారు, మా కల్లాల్లో కాయను తిరగేసినట్టే. మంచు పడుతుందేమోనని సాయంత్రం పట్టాలు కప్పడం కూడా అదే. ఘాటు మాత్రం వేరు. అన్నయ్య ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఒకామె, "మీ ఊరొస్తే మేం తుమ్మటంలా?" అంది.

జాలర్ల పెద్ద పోలయ్య మమ్మల్ని కూర్చోమన్నాడు గానీ టీ పెట్టించలేదు. ఆ ఊళ్ళో మొదటిసారి వచ్చినవాళ్ళకైనా టీ ఇస్తారని తర్వాత తెలిసింది.

"సాంబయ్య గారూ, మీ మీద నాకేం కోపం లేదు," అన్నాడు. "కానీ మా వలలు అబద్ధం చెప్పవు గదా. పోయినేడు వల ఆ చోట వరలకు తగులుకునేది. ఇప్పుడు నేల మీద చీపురు లాగినట్టు పోద్ది. ఏమైనయ్యి మరి? ఉప్పునీళ్ళకు నానిపోయినయ్యి."

"నానే సరుకు కాదది."

"చూద్దాం. మేడం గారు చూసొస్తారుగా."

గుమ్మంలో చేపలు కోస్తున్న పోలయ్య తల్లి ఆదెమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది. "నేనారోజే చెప్పా. ఈయన పడవలో నిలబడి ఒక్కో వరకీ చెయ్యి ఆనిచ్చి దిగు తల్లీ, దిగు తల్లీ అంటన్నాడు. సముద్రం మీద అనే మాటేనా అది?"

అన్నయ్య మొహం ఎర్రబడింది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ పూట వాళ్ళింట్లో పెట్టిన చేపల పులుసు ఎంత బాగున్నా పొగడలేదు. మామిడికాయ వేసి వండిన ఆ పులుసు గురించి ఇప్పుడు రాస్తుంటే నోరూరుతోంది. అప్పుడే మెచ్చుకుని ఉండాల్సింది.

మిరపకాయ కళ్ళు

మర్నాడు పొద్దున సముద్రం చదునుగా ఉంది. నాకు విశాఖలో నేర్పిన సుజాత సిలిండర్లతో ముందే వచ్చి ఉంది. పడవలో పోలయ్య, సుజాత, నేను, రెండు చేతులతో అంచు పట్టుకుని అన్నయ్య. ఒడ్డు మీది మనుషులు ఇంకా కనపడుతూనే ఉన్నారు, అంత దగ్గర. లైట్‌హౌసు, తాటిచెట్ల సందు చూసుకుని పోలయ్య లంగరు వేశాడు. ఆరు బారల లోతన్నాడు, అంటే చేతులు బార్లా చాపితే ఆరుసార్లు.

కళ్ళద్దం మసకబారకుండా లోపల ఉమ్మేసి వేలితో రుద్దడం మా డైవింగు వాళ్ళ పద్ధతి. శుభ్రంగా రుద్దాను, పెట్టుకున్నాను, వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాను. రెండు బారలు దిగానో లేదో కళ్ళు భగ్గుమన్నాయి. సముద్రం మధ్యలో, నీళ్ళ కింద, నా కళ్ళలో పర్చూరు కారం! రెండు రోజులు సబ్బుతో కడిగినా తొడిమల మంట వేళ్ళలోంచి పోలేదన్నమాట. సుజాత నన్ను పైకి తెచ్చేసరికి ఏడుస్తున్నాను.

"ఏమైందే? పాము కరిచిందా?" అన్నయ్య సగం లేచాడు, పడవ ఊగింది.

"మిరపకాయలు," అన్నాను.

పోలయ్య ఒక్క క్షణం ఆగి పగలబడి నవ్వాడు. మమ్మల్ని చూశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. మంచినీళ్ళ క్యాను మొత్తం నా కళ్ళలో పోశాడు. సుజాత నా చేతికి కొబ్బరినూనె రాసి, అద్దం తనే కడిగి పెట్టింది. వదిన మాట వినుంటే ఈ గొడవ లేకపోయేది.

అంచు

రెండోసారి లంగరు తాడు పట్టుకుని దిగాం. విశాఖలోలా నీళ్ళు తేటగా లేవు. పెసర కడిగిన నీళ్ళ రంగు. చాపిన చెయ్యి దాటి కొంచెం దూరమే కనపడుతుంది. అడుగున ఇసక, గాలి ఆడిన దిబ్బ మీద ఉండే మడతల్లాంటి మడతలు. అంతే, ఇంకేం లేదు. అటు పోయాం, ఇటు పోయాం. పిండైపోయినా ముక్కలు ఉండాలి కదా. ముక్కలూ లేవు. అన్నయ్యకు ఏం చెప్పాలి?

అప్పుడు నాలుగు చిన్న చేపలు ఒకేచోట తిరుగుతూ కనపడ్డాయి. వట్టి ఇసక మీద వాటికేం పని? దగ్గరికి వెళితే ఇసకలోంచి జానెడు పైకి లేచి, గుండ్రంగా, నత్తలు, నాచు పట్టిన అంచు. లోపల నోటిదాకా ఇసక. ఆ చేపలు మిగిలిన జానెడు ఇంటినీ వదలకుండా కాపలా కాస్తున్నాయి.

చెయ్యి ఆనించి అంచు చుట్టూ వచ్చాను. ఎక్కడా తెగలేదు. ఒకచోట నత్తల మధ్య వేలు గుంటలో పడింది. నా బొటనవేలికి ఆ గుంట వదులుగా ఉంది. అన్నయ్యది పెద్ద చెయ్యి. అద్దంలో మళ్ళీ నీళ్ళొచ్చాయి, ఈసారి కారం వల్ల కాదు.

పక్కన ఇసక తోడాను. మోచెయ్యి లోతు పోయినా గోడ గట్టిగా, పగులు లేకుండా కిందికి పోతూనే ఉంది. కొంచెం అవతల ఇంకో వర, ఒక పక్క అంచు మాత్రమే పైకి ఉంది. దాని తర్వాత ఏమీ కనపడలేదు గానీ, సుజాత వెంట తెచ్చిన ఇనపచువ్వను ఇసకలోకి గుచ్చితే ఠంగుమంది. ఇంకోచోట గుచ్చింది. మళ్ళీ ఠంగుమంది. అన్నీ ఉన్నాయి. పెట్టినవి పెట్టినట్టు, కింద.

పడవలో

పైకొచ్చి నోట్లో గొట్టం తీసేలోపే అన్నయ్య వంగాడు.

"పగిలినయ్యా?"

"లేదన్నయ్యా. ఒక్కటీ పగల్లేదు."

"మరేమైనయ్?"

ఇంకో మాట వెతికాను. దొరకలేదు. "దిగాయి."

ఆయన ఇంకా కిందికి వంగాడు. "ఒరిగినయ్యా?"

"లేదు. నిటారుగా దిగాయి."

"నిటారుగానా!" అన్నాడు. ఒక్క క్షణం ఆ మొహంలో నాన్న కనపడ్డాడు, మంచి బావి దిగిన రోజు సాయంత్రం ఉండే మొహం. తర్వాత అది మెల్లగా వాడిపోయింది. పడవ అడుగున చతికిలపడి తన చేతుల్ని చూసుకున్నాడు.

"అంచు, పోలయ్యా," అన్నాడు. "బావికి పోసినట్టే కింది అంచు వాలు పెట్టా. చేతికి అలవాటు. చేపల కోసమని కంతలు పెట్టాను గానీ, ఇది దిగకూడని వర అని తట్టనే లేదు. మేం లోపల కూర్చుని తోడే ఇసకని ఇక్కడ అలే తోడేసింది. మిగతాది దాని బరువే చూసుకుంది. అడుగు లేని వర ఇసకలో ఎట్టా నిలుస్తది?"

నేను ఆయన చేత తప్పు ఒప్పించడానికి రాలేదు, ఆయన పేరు నిలబెట్టడానికి వచ్చాను. కానీ ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చాక ఊరట కలిగింది.

పోలయ్య బీడీ తీసి, వెలిగించకుండా చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. "మాదీ ఉందిలే సాంబయ్య గారూ. దూరమైతే డీజిలు దండగని ఒడ్డు పక్కనే వెయ్యమంది మేమే. ఇక్కడ ఇసక కుదురుగా ఉండదు. ఈ ఏడు ఇక్కడ తీసిద్ది, వచ్చే ఏడు అక్కడ పోసిద్ది. మాకు తెలీక కాదు." ఆగి, "అయినా పిండైనయ్యని అన్నాను. ఆ మాట తప్పు," అన్నాడు.

ఒడ్డుకు రాగానే టీ వచ్చింది. అల్లం దంచి వేసిన, బాగా చక్కెర ఉన్న టీ. అన్నయ్య రెండు గ్లాసులు తాగాడు. కొంచెం లోతుగా, అలల తాకిడి తక్కువున్న చోట మళ్ళీ వేసి చూద్దామని మగవాళ్ళిద్దరూ ఇసక మీద గీతలు గీస్తున్నారు. వర కింద అడుగు పెట్టాలి, వెడల్పుగా, పళ్ళెంలాగా. "పెట్టినా ఇసకొస్తది," అన్నాడు పోలయ్య. "వస్తే దాని మీద ఇంకోటి పెడదాం, బావికైనా అంతేగా," అన్నాడు అన్నయ్య. అది నిజమో, మంకుపట్టో నాకిప్పటికీ తెలియదు. ఇసక ఎవరి మాటా వినదని మాత్రం నీళ్ళ కింద చూసి వచ్చాను.

బయల్దేరుతుంటే ఆదెమ్మ ఎండుచేపల పొట్లం నా సంచిలో కుక్కింది. పులుసు చాలా బాగుందని అప్పటికైనా చెప్పాను. "తెలుసులే, మూడుసార్లు వేసుకున్నావుగా," అంది. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "ఈసారి నిలబడమని చెప్పయ్యా. చెప్పి చూస్తే పోయేదేముంది?" అంది.

మళ్ళీ దొడ్డిలో

ఎండుచేపల వాసనకు చీరాల బస్సులో మా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. పర్చూరులో దిగేసరికి ఇంకా వెలుతురుంది. అన్నయ్య కాళ్ళయినా కడుక్కోకుండా అచ్చు దగ్గరికి వెళ్ళాడు. వాలు అంచు కోసం అచ్చు అడుగున బిగించే ఇనపచుట్టును ఊడదీసి పక్కన పెట్టాడు. తాతయ్య చేయించిన చుట్టు అది. పారేస్తాడేమో అనుకున్నాను. నూనె గుడ్డతో తుడిచి, బావులకు కావాలిగా అని గోడకు తగిలించాడు. నేల మీద చువ్వలు పరిచి, వెడల్పుగా సిమెంటు పోసి, అది కాస్త గట్టిపడ్డాక దాని మీద అచ్చు నిలబెట్టాడు. వదిన లైటు పట్టుకుంది. నేను నీళ్ళు అందించాను. మిరపకాయల జోలికి మాత్రం పోలేదు.

అచ్చు నిండాక పై అంచున బొటనవేలు నొక్కాడు. తర్వాత ఎప్పటిలా అరచెయ్యి ఆనించి, "ది..." అని ఆగిపోయాడు. వదిన, నేను ఇద్దరం ఆయన్నే చూస్తున్నాం. ముప్పై ఏళ్ళుగా అనే మాట నోటి దాకా వచ్చి అక్కడే ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"నిలబడు తల్లీ," అన్నాడు, కొత్తగా బడిలో చేరిన పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు.

తర్వాత నావైపు తిరిగి, "తెలుగు టీచరువి కదా, సరిగ్గా అన్నానా?" అని అడిగాడు.

సరిగ్గానే అన్నావన్నయ్యా అని చెప్పాను.